ఆమె చూసుకునే నడుస్తోంది

1996లో అట్లాంటా ఒలింపిక్స్ ప్రారంభోత్సవాన్ని టీవీలో చూసినవాళ్లెవరూ మహమ్మద్ అలీని మర్చిపోయి ఉండరు. ప్రపంచాన్ని గడగడలాడించిన బాక్సరు జ్యోతి వెలిగించడానికి వచ్చి నిలబడితే, ఆ చెయ్యి ఆగకుండా వణుకుతోంది. చూస్తున్నవాళ్ల గుండెలు తరుక్కుపోయాయి. పార్కిన్సన్స్ జబ్బు అనగానే మనలో చాలామందికి ఇప్పటికీ ఆ చెయ్యే గుర్తొస్తుంది. మన పెద్దవాళ్లూ దీన్ని వణుకుడు జబ్బనే అన్నారు. ఆయుర్వేదం కంపవాతం అంది. 1817లో లండన్‌లో దీని గురించి మొట్టమొదట వివరంగా రాసిన డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ కూడా తన పుస్తకానికి వణుకు పేరే పెట్టాడు.

కానీ ఈ జబ్బున్న మనిషితో ఒకే ఇంట్లో ఉంటున్నదాన్ని కనుక నన్నడిగితే, వణుకు అసలు బాధే కాదంటాను. మా అత్తగారికి జబ్బు బయటపడి పదకొండేళ్లయింది. చెయ్యి వణికితే గ్లాసు సగానికే పోసి ఇస్తాం, సరిపోతుంది. బొత్తాలు పెట్టుకోలేకపోతే హుక్కులు కుట్టిస్తాం. దేనికో ఒకదానికి ఏదో ఒక ఉపాయం దొరుకుతూనే ఉంటుంది. ఉపాయం దొరకనిదల్లా ఒక్కటే... మనిషి పడిపోవడం! నిలబడ్డ చోటే వెనక్కి వాలిపోవడం, తిరగబోయి కాలు కదలక కూలబడటం, అడుగులు చిన్నవై చిన్నవై పరుగులా మారి ముందుకు తూలడం. ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే పక్కగదిలో ఏ చిన్న చప్పుడైనా గుండె జారిపోతుంది. ఈ భయం ఎలాంటిదో అనుభవించిన ఇల్లాళ్లకే తెలుస్తుంది.

ఇక పడినప్పుడల్లా వినిపించే మాట ఒకటుంది. చూడ్డానికొచ్చిన చుట్టాలు, పక్కింటివాళ్లు, అప్పుడప్పుడు ఆస్పత్రిలో నర్సులు కూడా అదే మాట. మావారి మేనత్త అయితే గుమ్మంలోంచే మొదలెడతారు. "కాస్త చూసుకుని నడవొచ్చుగా వదినా! అంత తొందరేంటి నీకు?" అని. పాపం, ఆవిడ ప్రేమకొద్దీ అన్నదే. కానీ ఆ మాట వినగానే మా అత్తగారి ముఖం చూడాలి, తప్పు చేసి పట్టుబడ్డ చిన్నపిల్లలా అయిపోతుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. ఎందుకంటే ఆమె చూసుకునే నడుస్తోంది. మీకూ నాకూ ఎప్పుడూ అవసరపడనంత శ్రద్ధగా, ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ నడుస్తోంది. ఈ సంగతి నేను జాలిపడి చెబుతున్నది కాదు. మెదడు లోపలి పనిని ఫొటోలు తీసి చూసే శాస్త్రవేత్తలు చెబుతున్నది.

కొంచెం మొదట్నుంచీ చెప్పుకుందాం. మెదడు అడుగుభాగంలో నల్లగా కనిపించే చిన్న ప్రాంతం ఒకటుంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు మెల్లగా చచ్చిపోతుంటాయి. జబ్బు పైకి కనిపించేసరికే దాదాపు సగం పోయి ఉంటాయట. ఆ లోటు తీర్చడానికే లెవోడోపా మాత్రలు. 1960ల చివర్లో వాడకంలోకి వచ్చిన ఈ మందు నిజంగా ఎందరినో మంచం మీంచి లేపింది. బిగుసుకుపోయిన ఒళ్లు సడలుతుంది, పనుల్లో చురుకు వస్తుంది, చాలామందికి వణుకూ తగ్గుతుంది.

మరి పడిపోవడం? అక్కడే వచ్చింది చిక్కు. జబ్బు ముదిరేకొద్దీ ఈ మాత్రలకు నిలకడ అంతగా లొంగదు. మాత్ర బాగా పనిచేస్తున్న గంటలోనే, చేతులు కుదురుగా ఉన్న సమయంలోనే మనిషి దబ్బున పడిపోవచ్చు. ఇంట్లోవాళ్లకిదే అర్థం కాదు. "మందు వేసుకుంది కదా, చెయ్యి కూడా వణకట్లేదు, మరి ఎందుకు పడింది? అజాగ్రత్త కాకపోతే!" అనుకుంటారు. నిజానికి 1967లోనే మార్గరెట్ హోన్ అనే మహిళా న్యూరాలజిస్టు, మెల్విన్ యార్ అనే ఇంకో డాక్టరు కలిసి ఈ జబ్బును ఐదు దశలుగా విడగొట్టినప్పుడు, వణుకును బట్టి విడగొట్టలేదు. నిలకడ తప్పడం మొదలైందంటే మూడో దశ వచ్చినట్టన్నారు. ఇవాళ్టికీ న్యూరాలజిస్టులు రోగి వెనక నిలబడి భుజాలు పట్టుకుని ఒక్కసారి వెనక్కి లాగి చూసేది అందుకే. మామూలు మనిషి ఒకటి రెండడుగులు వేసి నిలదొక్కుకుంటాడు. నిలకడ పోయిన మనిషి వెనకున్న డాక్టరు పట్టుకోకపోతే కొయ్యలా పడిపోతాడు.

డోపమిన్ ఒక్కటే కారణం కాకపోతే మరింకేమిటి? అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో నికొలాస్ బోనెన్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. వాళ్లు వాడింది పెట్ స్కాన్. మనకు తెలిసిన ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూపిస్తుంది... ఇంటి ప్లాను గీసి ఇచ్చినట్టు. పెట్ స్కాన్ ఆ ఇంట్లో ఏ గదిలో దీపం వెలుగుతోందో, ఏ గదిలో ఆరిపోయిందో చూపిస్తుంది. ఇందుకోసం చాలా కొద్దిపాటి రేడియో ధార్మిక పదార్థాన్ని రక్తంలోకి ఎక్కిస్తారు. అది వెళ్లి తనకు కావలసిన రసాయనం ఉన్న చోట చేరుతుంది. వాళ్లు వాడిన కార్బన్ రకం ఇరవై నిమిషాలకోసారి సగానికి సగం తరిగిపోతుంది కాబట్టి, ఆస్పత్రిలోనో దాని పక్కనో తయారుచేసుకుని వెంటనే వాడెయ్యాలి. అప్పటికప్పుడు వేసి వడ్డించే అట్టులాగన్నమాట.

2009లో వాళ్లు ప్రచురించిన ఫలితం చూడండి. పార్కిన్సన్స్ ఉన్న 44 మందిని తీసుకున్నారు. వారిలో 17 మంది అంతకుముందు పడిపోయినవాళ్లు, 27 మంది ఎప్పుడూ పడనివాళ్లు. ఈ రెండు గుంపుల మెదళ్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. డోపమిన్ నాడుల నష్టంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు! తేడా ఇంకో రసాయనంలో ఉంది. దాని పేరు అసిటైల్‌కోలిన్. మెదడు కాండంలోని ఒక చిన్న కేంద్రం నుంచి, మెదడు మధ్యలో ఉండే థాలమస్ అనే భాగానికి ఈ రసాయనాన్ని మోసుకెళ్లే నాడులుంటాయి. పడిపోయినవాళ్లలో ఆ వ్యవస్థ బాగా నీరసించి ఉంది.

మన ఇళ్లల్లో త్రీ ఫేజ్ కరెంటు సంగతి తెలుసు కదా. ఒక ఫేజ్ పోతే హాల్లో లైటు వెలుగుతూనే ఉంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. బోరు మోటారు మాత్రం కదలదు. లైటు వెలుగుతోంది కదా, మోటారుకేం రోగం అని మనం మోటారుని తిట్టం. చేతులు కుదురుగా ఉన్న మనిషి పడిపోవడమూ దాదాపు అలాంటిదే. డోపమిన్ ఫేజ్‌ని మాత్రలు నిలబెట్టాయి, ఇంకో ఫేజ్ పోయింది.

అదే బృందం 2013లో మరో విషయం కూడా చెప్పింది. నిలబడటానికి మన మెదడు మూడు వైపుల నుంచి కబుర్లు అందుకుంటుంది. కళ్లు చెప్పేది, పాదం కింద నేల చెప్పేది, చెవి లోపల ఉండే తూనిక లాంటి ఏర్పాటు చెప్పేది. ఈ మూడింటినీ కలిపి చూసుకోవడంలో థాలమస్‌కు అందే ఆ అసిటైల్‌కోలిన్‌కు పాత్ర ఉందట. ఇది చదివినప్పుడు నాకు స్నానాల గది గుర్తొచ్చింది. తడి నేల అనుకుంటాం, జారింది అనుకుంటాం. ఆ క్షణంలో మనిషి ఏం చేస్తోందో ఆలోచించండి. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంది. తల మీద చెంబుతో నీళ్లు పోసుకోవడానికి మెడ వంచింది. నీళ్లలో పాదానికి నేల సరిగా తెలియట్లేదు. మూడు కబుర్లలో రెండు తెగిపోయాయి, మూడోది అయోమయంలో పడింది. ఎర్ర రంగు యాంటీ స్కిడ్ చాప ఒక్కటి పరిచేస్తే సరిపోదన్నమాట. కూర్చుని స్నానం చెయ్యడానికి బరువైన ప్లాస్టిక్ కుర్చీ, గోడకి గట్టి రాడ్డు ఉండాలి. తువ్వాలు ఆరేసుకునే రాడ్డు పనికిరాదు, మనిషి బరువు పడితే అది ఊడి చేతికొస్తుంది.

అసలు విషయానికి, అంటే "చూసుకుని నడవడానికి" వస్తున్నాను. నడక మీద మనం ధ్యాస పెట్టం. కూరగాయల బేరమాడుతూ, పిల్లాడి చెయ్యి పట్టుకుని, కొంగు సర్దుకుంటూ, రేపటి టిఫిన్ గురించి ఆలోచిస్తూ నడిచేస్తాం. మెదడు లోపలి భాగాలు ఆ పనిని మన ప్రమేయం లేకుండా చూసుకుంటాయి. పార్కిన్సన్స్ దెబ్బతీసేది సరిగ్గా ఆ అలవాటు నడకనే. అప్పుడు మెదడు ఏం చేస్తుంది? నుదుటి వెనక ఉండే ఆలోచించే భాగాన్ని నడక పనిలోకి దింపుతుంది. లెక్కలు చెయ్యాల్సిన మాస్టారిని పిలిచి బడి గంట కొట్టమన్నట్టు.

ఇది చూడ్డం ఎలాగన్నదే శాస్త్రవేత్తలకు పెద్ద తలనొప్పి. స్కానింగ్ యంత్రంలో మనిషి కదలకుండా పడుకోవాలి. వాళ్లకు కావలసిందేమో నడిచే మెదడు! ఆస్ట్రేలియాలో సిడ్నీ పరిశోధకులు దీనికో ఉపాయం చేశారు. పడుకున్న మనిషి పాదాల కింద పెడల్స్ పెట్టి, కళ్ల ముందు తెర మీద ఒక వసారా చూపించారు. పెడల్స్ తొక్కుతుంటే ఆ వసారాలో ముందుకు నడుస్తున్నట్టు ఉంటుంది. మధ్యలో తలుపులు వస్తాయి, ఆలోచించి జవాబివ్వాల్సిన గుర్తులు వస్తాయి. కొందరికి నిజం నడకలోలాగే అక్కడా కాలు "అతుక్కుపోయింది". ఆ క్షణంలో తీసిన చిత్రాల్ని బట్టి, 2013లో వాళ్లు చెప్పిందేమిటంటే, ఆలోచించే భాగాలకీ కదలికను నడిపించే లోపలి భాగాలకీ మధ్య పొత్తు చెడిపోతోందని.

ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ పరిశోధకులు ఇంకో దారి పట్టారు. నుదుటికి పట్టీలా కట్టుకునే పరికరం అది. ఒక రకం కాంతితో నుదుటి వెనక మెదడులో రక్తంలోని ఆక్సిజన్ ఎలా మారుతోందో చూస్తుంది. దాన్ని కట్టుకుని మనిషి నిజంగానే నడవొచ్చు. ఇన్‌బాల్ మైదాన్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు 2016లో ప్రచురించిన పరిశోధనలో తేలిందేమిటో తెలుసా? పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు ఏ అడ్డూ లేకుండా, ఏ పనీ పెట్టుకోకుండా ఉత్తినే నడుస్తున్నప్పుడే వాళ్ల నుదుటి మెదడు ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల కంటే ఎక్కువ పనిచేస్తోంది. అంటే అటూ ఇటూ నాలుగడుగులు వేసినా సరే, ఆమె పరీక్ష రాస్తున్నట్టే లెక్క.

ఇప్పుడు చెప్పండి, ఇలా ధ్యాస అంతా పెట్టి నడుస్తున్న మనిషితో "చూసుకుని నడువు" అనడంలో అర్థముందా? ఆమె ధ్యాసను లాగేసేది మనమే. హాల్లోంచి వంటింట్లోకి వెళ్తుంటే వెనకనుంచి "అత్తయ్యా, ఫోనొచ్చింది" అంటారొకరు. "నానమ్మా, ఇది చూడు" అని మనవరాలు. అడుగు వేస్తూ ఉండగానే చేతికి కాఫీ గ్లాసు. పరిశోధకులు రోగులకు పెట్టే పరీక్షల్లో ఇదే ఉంటుంది. నడుస్తూ నూరులోంచి ఏడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంటారు. మన ఆడవాళ్లకి ఏ ల్యాబొరేటరీ అక్కర్లేదు. కుక్కర్ది ఇప్పుడొచ్చింది రెండో విజిలా, మూడో విజిలా అని లెక్కపెట్టుకుంటూ నడవడం కంటే పెద్ద పరీక్ష ఉందా!

స్వీడన్‌లో లిలెమోర్ లుండిన్ ఓల్సన్ అనే ఫిజియోథెరపిస్టు, ఆమె సహచరులు 1997లోనే చిన్న పరిశీలన ఒకటి ప్రచురించారు. వృద్ధులతో కలిసి నడుస్తూ మామూలుగా కబుర్లు మొదలుపెట్టారు. మాట్లాడాల్సి వస్తే నడక ఆపేసేవాళ్లెవరో గుర్తుపెట్టుకున్నారు. తర్వాతి ఆరు నెలల్లో అలా ఆగిపోయినవాళ్లలో అత్యధికులు పడిపోయారు. యంత్రం లేదు, ఖర్చు లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడటానికి ఆగుతున్నారంటే వాళ్లు మీకొక సంగతి చెబుతున్నారన్నమాట. ఆగనివ్వండి. మీరూ ఆగండి. పిలవాలనుకుంటే ముందుకొచ్చి, కనబడి, ఆమె నిలబడ్డాక పిలవండి.

ఈ మెదడు వింతలు ఇంతటితో అయిపోలేదు. సమతలంగా ఉన్న నున్నటి గచ్చు మీద అడుగు పడనివాళ్లు మెట్లు చకచకా ఎక్కేస్తారు. 2010లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఒక రోగి సంగతి రాశారు. 58 ఏళ్ల మనిషి, నాలుగడుగులు వేస్తే కాళ్లు బిగుసుకుపోతాయి, కానీ సైకిలెక్కితే దర్జాగా తొక్కుకుంటూ వెళ్లిపోయాడు! ఇవి చూసినప్పుడే చుట్టుపక్కలవాళ్లు "నటిస్తోంది, ఇందాక మెట్లెక్కింది కదా" అంటారు. నటన కాదమ్మా. కళ్లముందు గీతో మెట్టో కనబడితే మెదడు వేరే దారిలో కాలిని కదిలించగలదు. అందుకే నేల మీద అడుగు దూరంలో అడ్డగీతలు గీస్తే చాలామంది వాటిని దాటుకుంటూ నడుస్తారు. మా అత్తగారు వాకిట్లో ముగ్గు గీతల దగ్గర ఎన్నడూ ఆగిపోలేదు, తొక్కకూడదని ఒక్కొక్క గీతా దాటుకుంటూ వెళ్తుంది. గచ్చు తళతళలాడే హాల్లోనే ఆగిపోతుంది. అందుకని బాత్‌రూమ్ దారిలో రంగు టేపు ముక్కలు అతికించాం. ఇల్లు అందంగా లేదని ఎవరో అన్నారు. అనుకోనీ!

మందుల సంగతి కూడా చెప్పాలి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైందిగా తోస్తోంది. అసిటైల్‌కోలిన్ తగ్గడమే పడిపోవడానికి ఒక కారణమైతే, దాన్ని పెంచే మందు ఇస్తే? 2010లో అమెరికాలోని ఆరెగన్‌లో కాథరిన్ చుంగ్, ఫే హోరాక్ తదితరులు మతిమరుపు జబ్బుకు వాడే డోనెపెజిల్ అనే మందును 23 మందికి ఇచ్చి చూస్తే పడటం దాదాపు సగానికి తగ్గింది. 2016లో ఇంగ్లండ్‌లో ఎమిలీ హెండర్సన్ బృందం రివాస్టిగ్మిన్ అనే అలాంటి మందునే 130 మందిపై పరీక్షించింది. సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. మందు తీసుకున్నవాళ్లు పడటం 45 శాతం తక్కువ. వికారం, వాంతులు మాత్రం ఎక్కువగానే వచ్చాయి. తర్వాత బ్రిటన్‌లో 600 మందిని చేర్చుకునే లక్ష్యంతో ఇంకా పెద్ద పరీక్షను చేపట్టారు. ఇవి మందుల షాపుకెళ్లి మనంతట మనం కొనుక్కునేవి కావు. గుండె వేగం తగ్గేవాళ్లకి ప్రమాదం కూడా.

అయితే అసిటైల్‌కోలిన్‌ని పెంచే మందు గురించి ఇంత పరిశోధన జరుగుతుంటే, దాన్ని అణిచేసే మందులు మన ఇళ్లలో ఎన్నున్నాయో ఎవరూ అడగరే! వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ ఆ పనే చేస్తుంది. చవకైన మాత్ర, ఏళ్ల క్రితం ఎవరో రాసిన చీటీ మీద అలా కొనసాగుతూనే ఉంటుంది. ముసలివాళ్లలో మతిమరుపునీ తికమకనీ పెంచుతుందని వైద్యులే చెబుతారు. మూత్రం ఆగట్లేదని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, నిద్రకో నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్... ఇవన్నీ కొద్దో గొప్పో ఆ కోవలోవే.

ఇంతకంటే దారుణం ఇంకోటుంది. మన ఆడవాళ్లు డాక్టరు దగ్గరికెళ్లి "తూలుతున్నానండీ" అంటే, దాన్ని "కళ్లు తిరుగుతున్నాయి" అని రాసేసుకుంటారు. చేతిలో సిన్నరిజిన్నో, ప్రోక్లోర్‌పెరజిన్నో పెడతారు. కళ్లు తిరగడానికి కొద్దిరోజులు వాడితే అవి మంచి మందులే కావచ్చు. కానీ ఇవి డోపమిన్ పనికి అడ్డుపడతాయి. నెలల తరబడి వాడితే పార్కిన్సన్స్ లేనివాళ్లకే ఆ లక్షణాలు తెప్పించగలవు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. మా అత్తగారికి జబ్బు బయటపడక ముందు మా ఊళ్లో ఒక డాక్టరుగారు సిన్నరిజిన్ ఏడాదిపైగా రాస్తూనే పోయారు. ఆవిడ కళ్లు తిరుగుతున్నాయని ఒక్కసారీ అనలేదు. "కాళ్లు నా మాట వినట్లేదండీ" అంది. ఆ మాట రాసుకున్నవాళ్లే లేరు! కాబట్టి ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, గ్యాస్ మాత్ర దగ్గర్నుంచి, ఒక సంచిలో వేసి న్యూరాలజిస్టుకి చూపించండి. "వీటిలో నిలకడ చెడగొట్టేవి ఉన్నాయా?" అని అడగండి. మీరుగా ఏదీ మానెయ్యకండి, పార్కిన్సన్స్ మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

స్కాన్ల గురించి రాశాను కాబట్టి ఈ ముక్క కూడా చెప్పకపోతే తప్పవుతుంది. ఇది చదివి "అయితే అమ్మకి పెట్ స్కాన్ తీయిద్దాం" అని బయల్దేరకండి. డోపమిన్ నాడుల్ని చూపించే స్కాన్లు మన పెద్ద నగరాల్లోనూ చేస్తున్నారు, రోగ నిర్ధారణలో అనుమానం ఉన్నప్పుడు అవి ఉపయోగమే. కానీ ఎవరు పడతారో, ఎవరు పడరో అవి చెప్పలేవు. మిషిగన్‌లో చేసినవి పరిశోధన కోసం చేసినవి. మామూలు ఎమ్మారై పార్కిన్సన్స్‌ని పట్టి చూపించదు, పక్షవాతం, మెదడులో నీరు లాంటి వేరే కారణాలు లేవని తేల్చుకోవడానికి తీస్తారు. నేను చూసిన కుటుంబాల్లో మూడేళ్లలో మూడు ఎమ్మారైలు తీయించినవాళ్లున్నారు. స్నానాల గదిలో రాడ్డు మాత్రం పెట్టించలేదు. ఫిల్ముల కవరు బీరువాలో భద్రంగా ఉంటుంది, మనిషి గచ్చు మీద పడి ఉంటుంది. ఇలా ఖర్చుపెట్టడం నాకు నచ్చదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

దానికంటే వ్యాయామానికి పెట్టండి. 2012లో ఆరెగన్‌లోనే 195 మంది పార్కిన్సన్స్ రోగుల మీద చేసిన అధ్యయనంలో, వారానికి రెండుసార్లు ఆరు నెలల పాటు తాయ్‌చీ అనే చైనా వ్యాయామం చేసినవాళ్లు ఉత్త సాగదీత వ్యాయామాలు చేసినవాళ్లకంటే తక్కువగా పడ్డారు. 2016లో ఐదు దేశాల్లో, తరచూ పడే 302 మంది వృద్ధులతో, వాళ్లలో చాలామంది పార్కిన్సన్స్ ఉన్నవాళ్లే, ఇంకో ప్రయోగం చేశారు. వారానికి మూడుసార్లు ఆరు వారాల పాటు ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. కొందరికి ఎదురుగా తెర మీద అడ్డంకులు, మలుపులు కూడా చూపించారు. అడ్డంకులు చూస్తూ నడిచినవాళ్లు తర్వాతి ఆరు నెలల్లో పడటం సగానికి తగ్గింది. కాలికే కాదు, చూసే బుద్ధికీ తర్ఫీదు కావాలన్నమాట. మనకా యంత్రం అందకపోవచ్చు. జబ్బు గురించి తెలిసిన ఫిజియోథెరపిస్టు అందుతారు. గిరుక్కున తిరగకుండా అర్ధచంద్రంలా చుట్టూ తిరగడం, లేచాక ఒక నిమిషం ఆగి నడవడం వాళ్లే నేర్పిస్తారు. లేవగానే బీపీ పడిపోయి కూలిపోయేవాళ్లూ ఉంటారు కాబట్టి పడుకున్నప్పుడు, నిలబడ్డాక రెండుసార్లూ బీపీ చూడమని అడగండి.

ఇక ఆఖరుది. పార్కిన్సన్స్ మగవాళ్లలో ఎక్కువ, దాదాపు ఒకటిన్నర రెట్లు. అందువల్ల పరిశోధనల్లోనూ మగవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. కానీ పడితే ఎముక విరిగేది ఆడవాళ్లకే ఎక్కువ, ముట్లుడిగాక ఎముకలు గుల్లబారతాయి కదా. పైగా మన ఆడవాళ్లు పడటాన్ని దాచేస్తారు. కిందటి వేసవిలో మా అత్తగారి మోచేతి మీద కమిలిన మచ్చ చూసి అడిగితే, చాలాసేపటికి చెప్పింది. "వంటింట్లో పడ్డాను అమ్మాయ్, వాడితో చెప్పకు. వంటింట్లోకి రావద్దంటాడు" అని. అరవై ఏళ్లు తిరిగిన వంటిల్లు అది. పడ్డానని చెబితే ఆ గది పోతుంది, ఇంకోసారి చెబితే గుడికి వెళ్లడం పోతుంది, తర్వాత మంచమే. ఆవిడ లెక్క ఆవిడది. ఆ లెక్క తప్పని నేను అనలేకపోయాను.

అందుకే మావారితో మాట్లాడి వంటిల్లు ఆవిడదిగానే ఉంచాం. గట్టు పక్కన ఎత్తు కుర్చీ వేశాం, కూరలు తరగడం, పోపు పెట్టడం కూర్చునే చేస్తోంది. బరువులెత్తడం మాది. ఆ హామీ ఇచ్చాకే పడినవన్నీ చెప్పడం మొదలుపెట్టింది. పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండర్లోనే పడిన రోజున ఎర్ర చుక్క పెడుతున్నాం. పక్కన ఎన్ని గంటలకు, మాత్ర వేసుకుని ఎంతసేపైంది, ఎటు తిరుగుతుంటే, చేతిలో ఏముంది, ఎవరు పిలిచారు. పరిశోధకులు కూడా పడటాల్ని లెక్కపెట్టేది ఇలాంటి క్యాలెండర్లతోనే. మొదటి నెల తొమ్మిది చుక్కలు. అందులో ఆరు, ఎవరో పిలిచినప్పుడు. ఆ కాగితం తీసుకెళ్లి న్యూరాలజిస్టు బల్ల మీద పెడితే, ఎప్పుడూ "వణుకెలా ఉంది?" అని అడిగి చీటీ రాసేసే ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని పావుగంట సేపు ఆ చుక్కలే చూశారు.